అరువు వేళ్లు

మొదట ముడుచుకున్నది కుడిచేతి చిటికెన వేలు. ప్రాగ్ నగరంలో, నిండు సభలో, పియానో కచేరీ మూడో భాగం మొదలైన కాసేపటికి అది తనంతట తానే అరచేతిలోకి వంగింది. పులిపాటి నిరీక్షణ దాన్ని బలవంతంగా నిలబెట్టింది. రెండు నిమిషాలకు పక్కనున్న ఉంగరపు వేలు కూడా దాని వెంట పోయింది. మిగిలిన మూడు వేళ్లతో, సగం స్వరాలు వదిలేస్తూ, చెమట కళ్లలోకి కారుతుంటే ఆమె ఎలాగో కచేరీ ముగించింది. చప్పట్లు బాగానే మోగాయి. ఎవరూ గమనించలేదనుకుంది. మర్నాడు పత్రికలో విమర్శకుడు ఒకే ఒక్క వాక్యం రాశాడు: ఆమె అలసిపోయినట్టున్నారు.

అలసట కాదని ఆమెకు తెలుసు. అలసట ఎలా ఉంటుందో నలభై ఏళ్లుగా చూస్తోంది.

ఆమె పుట్టింది సికింద్రాబాదులో, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టర్. వాళ్ల చర్చిలో దొరల కాలం నాటి పియానో ఒకటి ఉండేది. చెదలు తిన్నాక దానిలో ఎనిమిది మీటలు పలికేవి కావు. ఏడేళ్ల నిరీక్షణ ఆ ఎనిమిదింటినీ తప్పించుకుంటూ కీర్తనలు వాయించడం నేర్చుకుంది. అది చూసి మిస్ డిక్రూజ్ అనే ఆంగ్లో ఇండియన్ టీచరు పిల్లను తన ఇంటికి తీసుకుపోయి, మొత్తం మీటలున్న పియానో ముందు కూర్చోబెట్టింది. పద్దెనిమిదేళ్లకు వియన్నాలో సీటు వచ్చింది. ఇరవై మూడేళ్లకు అక్కడే ఒక పెద్ద పోటీలో గెలిచింది. ఆ తర్వాత జీవితమంతా విమానాలు, హోటల్ గదులు, సభలు. మధ్యలో పెళ్లయింది. కూతురు పుట్టింది. రైల్వే గార్డుగా చేసే భర్త జయరాజే ఆ పిల్లను పెంచాడు. ఆరేళ్ల కిందట ఆయన పోయినప్పుడు కూడా నిరీక్షణ అంత్యక్రియల వేళకే వచ్చి చేరగలిగింది.

ప్రాగ్ తర్వాత మూడు దేశాల డాక్టర్లు ఆమె చెయ్యి చూశారు. ఎముక బాగుంది, నరం బాగుంది, కండరం బాగుంది అన్నారు. లోపం చేతిలో లేదు, తలలో ఉందన్నారు. మెదడులో ప్రతి వేలికీ ఒక చోటు ఉంటుందట. ఏళ్ల తరబడి రోజుకు ఏడెనిమిది గంటలు సాధన చేసేవాళ్లలో కొందరికి ఆ చోట్ల మధ్య గట్లు చెరిగిపోతాయట. ఒక వేలిని పిలిస్తే రెండు వేళ్లు పలుకుతాయి. దానికి మందు లేదు.

ఆమె సికింద్రాబాదు వచ్చేసింది. రెండేళ్లపాటు ఇంట్లో ఉండడం అంటే ఏమిటో నేర్చుకోవాలని చూసింది. కుదరలేదు. పొద్దున్నే లేచి మెట్టుగూడ దాకా నడిచి వచ్చేది. వచ్చాక మళ్లీ వెళ్లేది. అన్నం తింటున్నప్పుడు ఎడమచెయ్యి బల్ల మీద వాయిస్తూనే ఉండేది. హాల్లో ఉన్న పియానో మీద దుప్పటి కప్పింది, తీసింది, మళ్లీ కప్పింది.

"మమ్మీ, జెర కూసో. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నయ్" అనేది కూతురు కెజియా.

కెజియాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఊళ్లోని ఒక పెద్దాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సు. కిలోకు కూడా తూగని పిల్లలకు సూది పెట్టడానికి నరం దొరకనప్పుడు డాక్టర్లు కూడా ఆమెనే పిలుస్తారు. ఆ సంగతి నిరీక్షణకు తెలుసు. వేరే ఊళ్లో వాన పడిందని తెలిసినట్టు తెలుసు.

ఆ రోజుల్లోనే డాక్టర్ ఓరుగంటి సుభాషిణి వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. మౌలాలి అవతల ఒక పరిశోధనశాలలో పదకొండేళ్లుగా ఆమె ఇదే జబ్బు మీద పనిచేస్తోంది. కుర్చీ అంచున కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మాట్లాడింది.

"చెరిగిన గట్లు వాటంతట అవి మళ్లీ ఏర్పడవు మేడం. కానీ ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరి మెదడులో ఆ గట్లు ఎలా ఉన్నాయో చదివి, మీకు అలాగే గీయగలుగుతున్నాం. తొమ్మిది మందికి చేశాం. ఎనిమిది మంది ఇప్పుడు వాయిస్తున్నారు."

"ఇచ్చినోళ్లకు ఏమైతది?"

"చదవాలంటే వాళ్ల మెదడుకూ వేళ్లకూ మధ్య ఉన్న ముడిని కాస్త వదులు చెయ్యాలి. వారం పది రోజులు వేళ్లు మందంగా ఉంటాయి. తర్వాత మళ్లీ బిగుసుకుంటాయి. తొమ్మిది మందికీ అలాగే అయింది."

ఇచ్చేవారి చేతికీ పుచ్చుకునేవారి చేతికీ పోలిక ఉండాలి. నిరీక్షణ శిష్యులు ముగ్గురు ముందుకొచ్చారు. ముగ్గురివీ కుదరలేదు.

కెజియా ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ మామూలుగా అంది.

"ఆ డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది మమ్మీ. నాది చూస్తనంటే సరేనన్న. మొన్న పోయి టెస్టు చేయించుకొని వచ్చిన. సరిపోయిందట."

నిరీక్షణ గుమ్మంలోనే నిలబడిపోయింది. "నువ్వు పియానో ముట్టక పద్నాలుగేండ్లాయె."

"ముట్టకపోతేంది? నేర్పింది నువ్వే గదా. నా వేళ్ల మీద నీ వేళ్లు పెట్టి నేర్పినవ్. అందుకే కలిసిందట." కెజియా చెక్కు తీయడం ఆపలేదు. "నాకైతే దాంతోని పనిలేదు. నువ్వే అన్నవ్ గదా, నీకు వేళ్లున్నయ్ గని సంగీతం లేదని."

"నేనెప్పుడన్న అట్ల?"

"ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు, కార్ల. నేను తొమ్మిదో తరగతి. తప్పుగ అనలే మమ్మీ, ఉన్నదే అన్నవ్. నేనేం మనసుల పెట్టుకోలే."

ఏదైనా అనాల్సిన చోటు అది. నిరీక్షణ మనసు మాత్రం అప్పటికే మౌలాలి వెళ్లిపోయింది. "ఎప్పుడు రమ్మన్నరు?" అని అడిగింది.

ప్రయోగశాలలో రెండు పియానోలు ఎదురెదురుగా ఉన్నాయి. ఇద్దరి తలలకూ తీగలల్లిన టోపీలు పెట్టారు. వాయించాల్సింది చిన్నపిల్లల పాఠం, ఐదు వేళ్లతో మెట్లు ఎక్కి దిగడం. ఒకరు మొదలుపెట్టగానే ఇంకొకరు అందుకోవాలి. టోపీలోంచి గోటితో కొట్టినట్టు టక టకమని చప్పుడు. ఒక్కో విడత నలభై నిమిషాలు. రోజు విడిచి రోజు తొమ్మిది విడతలు.

ఆరో విడతలో, ఎక్కుతున్న వరసలో చిటికెన వేలు తన స్వరాన్ని తాకి, మళ్లీ పైకి లేచి నిలబడింది. నిరీక్షణ వాయించడం ఆపింది. మళ్లీ వాయించింది. మళ్లీ నిలబడింది. ఆమె టోపీ తీసేసి, లేచి, గది చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చి కూర్చుంది. "ఇంకోసారి" అంది. ఎదుటి పియానో ముందు కెజియా తన కుడిచేతిని ఎడమచేత్తో రుద్దుకుంటూ నవ్వింది.

చివరి విడత అయ్యాక సుభాషిణి గుర్తుచేసింది. "ఇవాళ్టి నుంచి నలభై రోజుల దాకా ఇది పచ్చిగా ఉంటుంది. ఆలోపు ఏదైనా తేడా వస్తే వెనక్కి తిప్పగలం. తర్వాత గట్టిపడిపోతుంది. ఇద్దరూ వారం వారం పరీక్షకు రావాలి."

బొంబాయి ఆర్కెస్ట్రా ఒకటి నలభై అయిదో రోజున హైదరాబాదులో వాయించబోతోంది. నిర్వాహకులు ఆమెను వాయించమని అడగడమే ఆలస్యం, ఒప్పుకుంది.

ఆ నెల రోజులూ ఇల్లు పొద్దంతా మోగింది. కోల్పోయిన రెండేళ్లను రెండు చేతులా లాక్కుంటున్నట్టు ఆమె వాయించింది. వంట ఎవరు చేస్తున్నారో చూడలేదు. కెజియా కుర్తాకు గుండీలు పెట్టుకోలేక పిన్నీసులు పెట్టుకోవడం చూసింది, గమనించలేదు. గ్లాసు జారి పగిలితే, "చూస్కో బిడ్డా, కాళ్లకు గుచ్చుకుంటయ్" అని, ఆపిన చోటునుంచి మళ్లీ అందుకుంది.

ముప్ఫై అయిదో రోజున ఆర్కెస్ట్రా నిర్దేశకుడు రుస్తుం దారూవాలా ఆమె వాయించబోయే కృతి వినడానికి ఇంటికి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఎరిగినవాడు, మెచ్చుకోవడం చేతకానివాడు. నెమ్మదిగా సాగే రెండో భాగం పూర్తయ్యాక కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పై స్వరం చేరే ముందు ఒక్క క్షణం ఆగుతున్నావు. తలుపు తట్టాలా వద్దా అని నిలబడినట్టు. నువ్వు ఎన్నడూ అలా వాయించలేదు. ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు ఇంగ్లిషులో.

"రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాను కదా" అంది ఆమె. పొంగిపోయింది.

మర్నాడు పరీక్షకు వెళ్తే సుభాషిణి ముఖం బాగా లేదు. "మీకు అంతా సవ్యంగా ఉంది. కెజియా మూడు వారాలుగా రావడం లేదు. ఫోన్ చేస్తే డ్యూటీ అంటోంది. కాస్త మీరు తీసుకురాగలరా?"

నిరీక్షణ అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లింది. కూతురు పనిచేసే చోటికి వెళ్లడం ఆమెకు అదే మొదటిసారి. వార్డు ఇన్‌ఛార్జి మరియమ్మ అనే పెద్దావిడ ఆమెను చూడగానే గుర్తుపట్టి చేతులు జోడించింది.

"కెజియా ఈడ లేదమ్మా. కింద మందుల స్టోర్‌ల ఉంటుంది. మూడు వారాలాయె, ఎయ్యమని తనే అడిగింది."

"ఎందుకు?"

మరియమ్మ వార్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఒక పాపకు సూది పెట్టనీకె పోయింది. ఎనిమిది వందల గ్రాముల పాప. నాలుగు సార్లు గుచ్చింది, దొరకలే. అయిదోసారి గుచ్చనీకె చెయ్యి ఆడలే పిల్లకు. అట్లనే కూలబడి ఏడ్చింది. పాపకు ఏం కాలేదు, డాక్టరు వచ్చి పెట్టిండు. పదేండ్ల సంది ఈ వార్డు చూస్తున్న, కెజియా చెయ్యి అసొంటిది ఇంకోటి చూడలే నేను. ఏమైందంటే చెప్పది. మీకేమన్న చెప్పిందా అమ్మా?"

నిరీక్షణ మెట్లు దిగింది. స్టోర్ తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కెజియా మందుల పెట్టెల మీద కాగితపు చీటీలు అతికిస్తోంది. ఒక చీటీ వెనక పొర ఊడదీయడానికి తంటాలు పడుతోంది. గోరు ఆనడం లేదు. చివరకు పళ్లతో లాగింది.

పిలవాలి. పిలవలేదు. నిరీక్షణ వెనక్కి తిరిగి, ఆటో ఎక్కి, ఇంటికి వచ్చి, పియానో ముందు కూర్చుంది.

ఆ పూటా, మర్నాడూ ఆమె ఆగకుండా వాయించింది. తనకు ఏమీ తెలియనట్టే కెజియాతో మాట్లాడింది. మనసులో లెక్క నడుస్తూనే ఉంది. ఇది ముప్ఫై ఏడు. ఇంకో మూడు రోజులు ఊరుకుంటే చాలు, తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. పిల్ల తనంతట తానే ఇచ్చింది. పిల్ల దాస్తోందంటే తల్లి వాయించాలనే దాస్తోంది. నర్సు ఉద్యోగంలో సూదులు ఒక్కటేనా, ఎన్ని పనులుంటాయి! ఈ మాటలన్నీ ఆమె తనకు తాను చెప్పుకుంది. ఏ మాట దగ్గరా నిలవలేక లేచి వరండాలోకి వెళ్లింది. వచ్చి మళ్లీ కూర్చుంది.

ముప్ఫై ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండో భాగం వాయిస్తుండగా ఆ పై స్వరం వచ్చింది. వేలు ఒక్క క్షణం ఆగింది. నిరీక్షణ ఆ ఆగడాన్ని ఈసారి విన్నది.

అది తనది కాదు. తను ఎన్నడూ ఆగలేదు. ఆగింది పదకొండేళ్ల కెజియా. ప్రతి పాఠంలోనూ పై స్వరం ముందు అలాగే ఆగేది. తను పెన్సిలుతో ఆ వేళ్ల మీద కొట్టి, "లెక్క! లెక్క తప్పుతున్నవ్!" అని అరిచేది. ఒకటి రెండుసార్లు కాదు, మూడేళ్లు కొట్టింది. పిల్ల ఆగడం మానలేదు. వాయించడమే మానేసింది.

దారూవాలా మెచ్చుకున్నది దాన్నే. వచ్చే వారం సభ మెచ్చుకోబోయేదీ దాన్నే.

సాయంత్రం కెజియా వచ్చేసరికి నిరీక్షణ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నడువు. డాక్టర్ దగ్గరికి పోవాలె."

"ఎందుకు? నాకు ఒళ్లు నొప్పులున్నయ్ మమ్మీ, రేపు పోదాం."

"మరియమ్మగారు చెప్పిన్రు."

కెజియా సంచీ కింద పెట్టింది. ఆమెకు ఎన్నడూ లేనంత కోపం వచ్చింది. "చెప్తే ఏంది? నేను ఇచ్చిన, నువ్వు తీసుకున్నవ్. అయిపాయె. స్టోర్‌ల పనిచేస్తే నేనేం చచ్చిపోను. నువ్వు పియానో లేకుంట రెండేండ్లు ఎట్ల తిరిగినవో నేను చూసిన. డాడీ పోయినప్పుడు గూడ నువ్వట్ల లేవు. అది మళ్ల చూడాల్నా నేను?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. నిరీక్షణ చెప్పులు మాత్రం విప్పలేదు.

"మొన్ననే తెలిసింది నాకు" అంది. "నిన్ను స్టోర్‌ల చూసిన. చూసి పిలవకుండ వచ్చేసిన. రెండు రోజులు నోరు మూసుకొని వాయించుకుంట కూసున్న. ఇంకో రెండు రోజులు గూడ కూసుందుననుకున్న. నేనట్లాంటిదాన్ని బిడ్డా. నా మనసు మారకముందే నడువు."

కెజియా తల్లి ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో, కింద పెట్టిన సంచీ మళ్లీ భుజానికి తగిలించుకుంది.

సుభాషిణి రెండు పరీక్షలు చేసి, కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "ఇంతకుముందు ఇచ్చినవాళ్లంతా సంగీతం విద్యార్థులు. రోజూ సాధన చేసేవాళ్లు. వాళ్ల ముడి ఆ సాధనతోనే బిగుసుకుంది. అది దానంతట అదే జరుగుతోందని నేను అనుకున్నాను. కెజియా వాయించదు. అందుకని వదులైంది వదులుగానే ఉండిపోయింది. పియానోకు ఒక వేలు, సూదికి ఒక వేలు ఉండవు కదా మెదడులో. ఈ వేళ్లతో నువ్వు ఇంకేం పని చేస్తావమ్మా అని నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వెనక్కి ఇస్తే మీ వేళ్లు మునుపటికన్నా ఎక్కువ ముడుచుకోవచ్చు మేడం. రెండోసారి చెయ్యడం కుదరదు."

"ఎన్ని విడతలు?"

"రెండు రోజుల్లో నాలుగు. రేపు పొద్దున మొదలుపెట్టాలి."

ఈసారి పిల్లల పాఠం వద్దంది నిరీక్షణ. ఆ రెండో భాగంలోని కుడిచేతి వరసనే ఇద్దరూ వాయిస్తామంది. కెజియాకు అది రాదు. నిరీక్షణ ఒక్కొక్క వాక్యం ముందు వాయించి వినిపించింది, కెజియా తడబడుతూ అందుకుంది. రెండో విడతకు తల్లి చిటికెన వేలు బరువెక్కింది. మూడో విడతలో ఉంగరపు వేలు స్వరాలు మింగడం మొదలుపెట్టింది. ఎదుటి పియానో మీద అవే స్వరాలు ఒక్కొక్కటే తేటపడుతున్నాయి. పై స్వరం ముందు కెజియా ఆగింది. ఆగి, అలవాటు కొద్దీ భయంగా తల్లి వైపు చూసింది.

"మంచిగున్నది. అట్లనే పోనీ" అంది నిరీక్షణ.

నాలుగో విడత సగంలో ఆమె వేళ్లు అరచేతిలోకి పోయి ఇక రాలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నది. టోపీలు తీశాక, అప్పటిదాకా సంకోచంతో నిలబడిన సుభాషిణి, "మీరు వాయించిన విడతలన్నీ రికార్డు చేసి ఉన్నాయి. కావాలంటే వినడానికి మీకు..." అంది.

"వద్దు డాక్టరుగారూ. ముందు చేసిన ఆ తొమ్మిది మందికీ ఫోన్ చెయ్యండి. వాళ్లకు ఇచ్చినోళ్లు ఎట్ల ఉన్నరో అడగండి."

కచేరీకి వేరే పియానిస్టును పిలిపించారు. నిరీక్షణకు అనారోగ్యమని పత్రికల్లో వచ్చింది. సుభాషిణి తన ప్రయోగాన్ని తానే ఆపించి, జరిగింది దాచకుండా రాసి పై వాళ్లకు పంపింది. నిరీక్షణ కుడిచేతి మధ్యవేలు కూడా ఇప్పుడు కొద్దిగా వంగుతోంది. ఆమె మళ్లీ మెట్టుగూడ దాకా నడవడం మొదలుపెట్టింది. మనసు కుదురుగా లేదు. అది కుదురుతుందని ఆమె అనుకోవడమూ లేదు. కెజియా రోజూ గంటసేపు పియానో ముందు కూర్చోవాలని డాక్టరు ఆజ్ఞ. ఆ గంటా నిరీక్షణ వరండాలో కూర్చుంటుంది, లోపలికి రాదు, ఏమీ అనదు. అనకుండా ఉండడం ఆమెకు కొత్త సాధన.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"మమ్మీ, దొరికింది" అంది కెజియా. ఊపిరి అందనట్టు మాట్లాడుతోంది. "ఇయ్యాల వార్డుకు పిలిచిన్రు. తొమ్మిది వందల గ్రాముల బాబు. ముగ్గురు చూసిన్రు, దొరకలే. నాకు ఒక్కసారికే దొరికింది."

నిరీక్షణ లేచి నిలబడింది. అలవాటుగా నడవబోయి ఆగింది. గోడవారగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎట్ల దొరికింది?" అని అడిగింది.

"ఏంది?"

"నరం. కంటికి కనబడదు గదా. ఎట్ల పట్టినవ్?"

ఫోనులో వార్డు చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఎక్కడో ఒక యంత్రం సన్నగా కూస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లలో తల్లి తన పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇప్పుడా? డ్యూటీల ఉన్న మమ్మీ."

"రెండు నిమిషాలు. చెప్పు, వింట."

"నరం గట్టిగ ఉండదు" అంది కెజియా, మొదట తడుముకుంటూ, తర్వాత తడుముకోకుండా. "దూదిల దారం దాచినట్టు ఉంటది. ఒత్తితే పోతది. వేలు ఊరికె ఆనిచ్చి ఆగాలె. మనం వెతుకొద్దు. ఆగితే అదే వచ్చి వేలికి తగులుతది..."

నిరీక్షణ కళ్లు మూసుకుని విన్నది.